సున్నా తూగిన నియమం

మే 3, శనివారం

ఉదయం 6:10కి పడిపోయిన ఆరో లెవెల్ పాత్ర 7 గంటలకు ఆట ఆగేసరికి చనిపోయినట్టు తేలింది. ఎండలకు తాళలేక పాత బొగ్గుబాయి ఏడు లెవెల్స్‌లో తలదాచుకునే మేం, గాలి పంచుకోవడానికి ఆట మొదలుపెట్టిన ఈ పన్నెండు వేసవుల్లో ఒక పాత్ర చనిపోవడం ఇదే మొదటిసారి. దీనికి పుస్తకంలో నియమం ఉంది: పాత్ర పోయిన లెవెల్‌కు ఆ వేసవి ముగిసేదాకా ఫ్యాన్ గాలి ఉండదు. సాయంత్రం 5 గంటలకు ఆరో లెవెల్ గాలితలుపు మూసి సీలు వేశారు. అక్కడి 188 మంది చాపలు, స్టవ్‌లు, నీళ్ల డబ్బాలు పట్టుకొని కిందనున్న ఏడో లెవెల్‌కు దిగారు. పై ఐదు లెవెల్స్ ఖాళీ లేదని చెప్పాయి. ఏడో లెవెల్‌లోనూ ఖాళీ లేదు. వాళ్లు మాత్రం ఆ మాట అనలేదు.

జరిగింది ఇది. ఎప్పటిలాగే ఉదయం 5 గంటలకు బాయి మూతి దగ్గరి ల్యాంప్ రూమ్‌లో ఏడుగురు ఆటగాళ్లు బల్ల చుట్టూ కూర్చున్నారు. లెవెల్‌కు ఒకరు. ఆట నడిపే రాజేశం సారు రేకు అడ్డం పెట్టుకొని అవతల కూర్చున్నారు. ఆయన ఒకప్పుడు ఇదే బాయిలో పనివాళ్లను చూసుకునే ఓవర్‌మన్. ఈ వేసవి కథలో ఏడు పాత్రలూ ఒక కనుమ దాటాలి. దారికి అడ్డంగా ఒక నడిచే కొండ ఉంది. దాని ప్రాణం 1,400.

ఆరో లెవెల్ ఆటగత్తె సరూప తన గుర్రపు రౌతును ముందుకు నడిపింది. వెనక ఉంటే కొట్టడానికి వీలు కాదు. కొట్టకపోతే గాలి రాదు. ఎవరి పాత్ర ఎంత దెబ్బ కొడితే వాళ్ల లెవెల్‌కు వారమంతా అంత వాటా గాలి.

రాజేశం సారు పాచికలు వేశారు.

"కొండ కాలు లేపింది. రౌతు మీద పెట్టింది. డెబ్బై నాలుగు."

రౌతు ప్రాణం అరవై ఒకటి.

"ఎంతా?" అంది సరూప.

"డెబ్బై నాలుగు బిడ్డా."

"ఇంకోపారి లెక్కపెట్టున్రి సారు."

ఆయన మూడుసార్లు లెక్కపెట్టారు. మూడుసార్లూ డెబ్బై నాలుగే వచ్చింది.

మధ్యాహ్నం 2 గంటలకు బాయి మూతి దగ్గర ఎండ 51 డిగ్రీలు. ఏడో లెవెల్‌లో తడిగుడ్డ థర్మామీటర్ 30.4. గుండుకు తడిగుడ్డ చుట్టి చూసే ఈ లెక్క 35 దాటితే చెమట పట్టినా ఒళ్లు చల్లబడదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు. ఈ అంకెను ఇకనుంచి ప్రతి నమోదులో రాస్తాను.

మే 6, మంగళవారం

మంగళవారం కొత్త నియమాల తూకం రోజు. ఈ వారం తూకానికి ఎవరూ రాలేదు. రాజేశం సారు దీపాల అద్దాలు తుడుస్తుంటే నేను రాసే గోడ పత్రిక పాత ప్రతులు ముందేసుకొని కూర్చున్నాను.

బాయిలోకి దిగిన మొదటి వేసవిలో ఫ్యాన్ స్విచ్ దగ్గర జరిగిన కొట్లాటలో పదకొండు మంది చనిపోయారు. రెండో వేసవి నుంచి ఆట. అప్పుడు పుస్తకం ఇరవై నాలుగు పేజీలు. ప్రతి పాత్ర ప్రాణం ఇరవై. మృగం అడవి పంది, దానికీ ఇరవై. ఏడు లెవెల్స్‌కూ గాలి దాదాపు సమానంగా వచ్చేది.

ప్రతి లెవెల్ ఏడాదికి ఒక కొత్త నియమం రాయొచ్చు. రాసిన నియమాన్ని కొట్టేయడానికి వీల్లేదు. కొట్టివేతలు మొదలైతే మళ్లీ కర్రలు లేస్తాయని మొదటివాళ్లు భయపడ్డారు. ఇప్పుడు పుస్తకం 131 పేజీలు. మొదటి లెవెల్ పాత్ర వజ్రకాయుడి ప్రాణం 410. ఏడో లెవెల్ పాత్ర దివిటీ ఎల్లి ప్రాణం 34. పంది పోయి ఎలుగు వచ్చింది, ఎలుగు పోయి ఏనుగు వచ్చింది. ఇప్పుడు కొండ నడుస్తోంది.

కొత్త నియమాన్ని తూకం వేయకుండా పుస్తకంలో ఎక్కించరు. అందుకు ఒక రేకు డబ్బా ఉంది. అందులో మొదటి ఏడాది పాత్ర కాగితం ఒకటి మార్చకుండా దాచారు. కొత్త నియమం ఆ పాత్రకు ఇచ్చి పాత పందితో మూడుసార్లు కొట్లాట పెడతారు. పంది నాలుగో వంతు రాకముందే పడితే నియమం బరువెక్కువ, చెల్లదు. మొదటి లెవెల్ నియమాలన్నీ ఈ తూకం దాటాయి. నేను ఒక్కొక్కటీ సరిచూశాను. తప్పుడు తూకం ఒక్కటీ లేదు.

ఉదాహరణకు 40వ నియమం: పాత్ర ప్రాణంలో పదోవంతు దెబ్బకు కలుస్తుంది. డబ్బాలోని పాత్ర ప్రాణం ఇరవై, కాబట్టి రెండు కలిసింది. తూకం దాటింది. వజ్రకాయుడికి కలిసేది నలభై ఒకటి. ఆ పైన అతనికి వంతుకు మూడు దెబ్బలున్నాయి. నియమాలను ఒంటరిగా తూచారు. ఆడేటప్పుడు కలిపి ఆడతారు.

"మీకు ఇది తెలుసా సారూ?" అని అడిగాను.

"తెల్వకేంది పేపరక్కా. ఆరేండ్ల సంది తెలుసు."

"మరి కొండను చిన్నది చేయొచ్చు కదా."

ఆయన అద్దం వెలుగుకు పెట్టి చూసుకున్నారు. "చిన్నగ పెడితే ప్రణయ్‌గాడు వజ్రకాయునితోని ఒక్క వంతుల కొట్టి పారేస్తడు. గాలంత మొదటి లెవెల్‌కే. పెద్దగ పెడితే ఏడో లెవెల్ కనకవ్వ పాత్ర సస్తది. అందుకే ఏడుగురి ప్రాణాలు కలిపి సగటు తీస్త."

"సగటు పెడితే?"

"రెండూ అయితయి." అద్దం పక్కన పెట్టారు. "అయినయి గదా మొన్న."

ఏడో లెవెల్ తడిగుడ్డ: 30.9.

మే 10, శనివారం

ఈ వేసవి నాలుగో ఆట ఉదయం 7 గంటలకు గంట కొట్టడంతో ఆగింది. ఎవరూ చనిపోలేదు. ఏడో లెవెల్ వాటా రోజుకు 38 నిమిషాల నుంచి 31కి తగ్గింది.

ఏడో లెవెల్ తరఫున ఆడే కనకవ్వకు యాభై ఎనిమిదేళ్లు. ఒకప్పుడు ఈ ల్యాంప్ రూమ్‌లోనే దీపాలు లెక్కచూసి ఇచ్చే పని. ఆమె పాత్ర దివిటీ పట్టుకొని నడుస్తుంది. దివిటీ ఆర్పేస్తే మృగానికి కనిపించదు. ఆ వంతులో కొట్టడానికీ వీల్లేదు. ఈరోజు ఆమె తొమ్మిది వంతుల్లో ఒక్కసారే దివిటీ వెలిగించింది.

"ఎలిగిస్తే ఎల్లి సస్తది, ఆర్పితే మా లెవెల్ సస్తది," అంది మెట్లు దిగుతూ. ఆమె భర్త పోశం గాలితలుపు పక్కన మంచంలో ఉన్నాడు. ఊపిరితిత్తుల్లో ముప్పై ఏళ్ల బొగ్గు ధూళి. పైకి పదకొండు వందల మెట్లు. మోసుకెళ్లినా పై లెవెల్స్‌లో ఆ మంచానికి చోటు ఇస్తామన్నవాళ్లు లేరు.

"ఎన్ని నిమిషాలు తెచ్చినవే?" అని అడిగాడు పోశం.

"ముప్పై ఒకటి."

"మన పెండ్లప్పుడు బస్సు కోసం గంటన్నర నిలవెట్టినవ్ నన్ను. గాలి తెమ్మంటె అరగంటనా?"

కనకవ్వ అతని ముఖం తడిగుడ్డతో తుడిచింది.

మొదటి లెవెల్ ఆటగాడు ప్రణయ్‌ని తిరిగి పైకి వెళ్లినప్పుడు కలిశాను. ఇరవై ఆరేళ్లు. వజ్రకాయుణ్ని అతనికి వాళ్ల మేనత్త అప్పగించింది. ఆరో లెవెల్ తలుపు మూశాక మిగిలిన గాలిలో సగానికి పైగా వాళ్లకే వచ్చింది. దాన్ని పుట్టగొడుగుల గదికి వాడుతున్నారు. ఆ పుట్టగొడుగులు అన్ని లెవెల్స్‌కూ వస్తాయన్నది నిజం.

"మేం ఎవ్వరి గాలి గుంజుకోలే అక్కా. ప్రతి నియమం తూకానికి పెట్టినం. ఏడో లెవెల్‌కు రాసుకోవద్దన్నమా? వాళ్లు రాసిండ్రు సూడు, పడ్డోన్ని లేపుడు, దీపం ఆర్పుడు. పన్నెండేండ్ల సంది గదే. దెబ్బ పెంచుకునే నియమం ఒక్కటన్న రాసిండ్రా?"

"నాలుగేళ్లుగా ఒక కాగితం పంపుతున్నారు కదా. చివరికి నిలబడ్డ పాత్రలన్నిటికీ గాలి సమానం అని."

"గది నియమం గాదు, ఆటనే మార్చుడు. దానికి ఏడు లెవెల్స్ సంతకాలు కావాలె."

"మీరు చేయలేదు."

"మేమెందుకు చేస్తం?" అన్నాడు. కోపంగా కాదు. లెక్క చెప్పినట్టు అన్నాడు.

ఈ ఏడాది నియమం మిగతా ఆరు లెవెల్స్ ఫిబ్రవరిలోనే రాసేశాయి. ఏడో లెవెల్ ఇంకా రాయలేదు. పాత్ర చనిపోతే రాసే హక్కు కూడా పోతుంది.

ఏడో లెవెల్ తడిగుడ్డ: 31.6.

మే 14, బుధవారం

ఏడో లెవెల్‌లో ఈ ఉదయం రెండు మేకలు కోశారు. వేడికి మేత మానేశాయి, ఇక బతకవని తేలింది. ఇప్పుడు అక్కడ మొత్తం నాలుగు వందల మంది. ఇరవై కుటుంబాల గుంపుకు ఒకటి చొప్పున తాటాకు చాప మీద నాలుగు పోగులు పెట్టారు. పోగులు పెట్టినవాడికి తన పోగు ఏదో ముందే తెలియకూడదు. అందుకని సరూపను గోడవైపు తిరిగి నిలబడమన్నారు. ఒకతను పోగు మీద వేలు పెట్టి "ఇదెవ్వరిది?" అని అడిగాడు. ఆమె వెనక్కి చూడకుండా పేరు చెప్పింది. నాలుగు పోగులూ అలాగే పోయాయి. ఒక్క మాట తగాదా లేదు.

పోగులు పెట్టినతను కార్జం ముక్క ఒక్కొక్కటీ నాలుగు చోట్లా సరిచూసి వేయడానికి పావుగంట పట్టింది. కనకవ్వ అతని చేతులనే చూస్తూ కూర్చుంది.

"గింత జాగర్త ఎందుకురా?" అని అడిగింది.

"ఏ కుప్ప నాకస్తదో నాకేం తెలుసు అత్తా?"

కనకవ్వ నావైపు తిరిగింది. "పేపరక్కా, రాసే నియమం ఎవరి పాత్రకు వాళ్లే రాసుకోవాలెనని పుస్తకంల ఉన్నదా?"

పైకి వెళ్లి చూశాను. మూడో పేజీలో ఒక్క వాక్యం ఉంది: ప్రతి లెవెల్ ఏడాదికి ఒక నియమం రాయొచ్చు. అంతకుమించి లేదు. తిరిగి వచ్చి అదే చెప్పాను.

"తూకం ఎన్నడు?"

"మంగళవారం."

"నడుమల శనివారం ఉన్నది," అంది.

ఏడో లెవెల్ తడిగుడ్డ: 32.2.

మే 17, శనివారం

ఉదయం 6:48కి దివిటీ ఎల్లి ప్రాణం సున్నాకు పడింది.

కనకవ్వ మొదటి వంతు నుంచే దివిటీ వెలిగించింది. ఎదురుగా ఉన్న రాజేశం సారు ఒకసారి తలెత్తి చూశారు. ఈ వారం ఒక్క దెబ్బా కొట్టకపోతే ఏడో లెవెల్‌కు ఏడు రోజులు గాలి సున్నా. ఆర్పుకొని బతికే దారి ఆమెకు లేదు. మూడు వంతులు కొండ వేరేవాళ్ల మీదికి వెళ్లింది. ఎల్లి మూడు దెబ్బలూ తగిలాయి. నాలుగో వంతులో రాజేశం సారు పాచికలు వేసి, అంకె వెంటనే చెప్పలేదు.

"చెప్పు సారూ," అంది కనకవ్వ. "పాచికలకు మొహమాటముంటదా?"

"అరవై ఆరు."

పుస్తకంలో 31వ నియమం ఏడో లెవెల్ రాసిందే: పడిపోయిన పాత్రను మరొకరు తమ వంతు ఖర్చుపెట్టి ప్రాణం ఒకటితో లేపొచ్చు. ఆట ఆగేలోగా ఎవరూ లేపకపోతే పోయినట్టే. గంట కొట్టడానికి పన్నెండు నిమిషాలు ఉంది. బల్ల చుట్టూ వంతు తిరగడం మొదలైంది.

మొదటి లెవెల్. ప్రణయ్ కొండను మూడుసార్లు కొట్టాడు. రెండో లెవెల్ కొట్టింది. మూడో లెవెల్ కొట్టింది. నాలుగో లెవెల్ ఆటగాడు కాగితం వైపు చూస్తూ, "పిల్లలున్నరు మా తాన," అని కొట్టాడు. ఎవరూ అతన్ని ఏమీ అడగలేదు.

ఐదో లెవెల్ ఆటగాడు ఓదెలు. పైప్‌లైన్ ఫిట్టర్. వంతుకు 22 నిమిషాల గాలి తెచ్చే పాత్ర. సమయం 6:56. పాచికలు చేతిలో పట్టుకొని కిందామీదా చూశాడు.

"ఓదెలూ, గంట కొడ్తది," అన్నారు రాజేశం సారు.

ఓదెలు పాచికలు బల్ల మీద పెట్టేశాడు. "ఎల్లిని లేపుతున్న."

సరూప ముఖానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. ఆమె రౌతును లేపడానికి మే 3న ఎవరూ వంతు ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు ఉంటే ఈ కథ వేరే ఉండేది.

"మా లెవెల్ల తెలిస్తే నన్ను కిందికి తోల్తరు," అన్నాడు ఓదెలు. "కనకవ్వా, ఒక చాప తయారు పెట్టు."

"చాప ఉన్నది. చోటే లేదు. మా ముసలోని మంచం కింద పండు."

7:00కి గంట కొట్టింది. ఎల్లి ప్రాణం 1. ఏడో లెవెల్ వాటా 49 నిమిషాలు.

ఏడో లెవెల్ తడిగుడ్డ: 32.7. ఉదయం నుంచి వేడికి సొమ్మసిల్లిన ముగ్గురిని మెట్ల మీదుగా పైకి మోశారు. ముగ్గురూ ఆరో లెవెల్‌వాళ్లు.

మే 20, మంగళవారం

ఉదయం 8:20కి ఏడో లెవెల్ నియమం తూకం దాటింది. పుస్తకంలో అది 84వది.

కనకవ్వ రాసిన కాగితాన్ని రాజేశం సారు పైకి చదివారు. "ఆటకు కూర్చునే ముందు పాత్ర కాగితాలన్నీ బోర్లించి పోగులు పెట్టాలి. పాత్ర లేని మనిషి ఒకరు గోడవైపు తిరిగి లెవెల్ పేరు చెప్పాలి. ఏ పోగు ఏ లెవెల్‌కు వస్తే ఆ పాత్రనే ఆ రోజు ఆ లెవెల్ ఆడాలి. దాని దెబ్బలూ దాని చావూ ఆ లెవెల్‌కే చెందుతాయి."

ప్రణయ్ లేచి నిలబడ్డాడు. "గిది నియమమా? గిది మా పాత్రను ఎత్తుకపోవుడు!"

"ఎత్తుకపోతలేను తమ్మీ," అంది కనకవ్వ. "నా ఎల్లిని గూడ పెడుతున్న గదా పోగుల."

"నీ ఎల్లికి ఒక్క ప్రాణం ఉన్నది అవ్వా!"

"ఔ. ఎంత భయమైతదో నీకు గూడ తెలుస్తది."

వెనక ఎవరో నవ్వారు. రాజేశం సారు నవ్వలేదు. రేకు డబ్బా తెరిచి పాత కాగితం తీశారు. కొత్త నియమం ప్రకారం డబ్బాలోని పాత్రను బోర్లించి పోగు పెట్టారు. ఒక్కటే పోగు. సరూప గోడవైపు తిరిగి డబ్బా పేరే చెప్పింది. పందితో కొట్లాట మూడుసార్లు నడిచింది. పంది ఐదో వంతులో ఒకసారి, నాలుగో వంతులో ఒకసారి, మళ్లీ ఐదో వంతులో పడింది. నియమం ఆ పాత్రకు ఏమీ కలపలేదు, ఏమీ తీయలేదు.

"తూకం సున్నా," అన్నారు రాజేశం సారు.

"సున్నా అంటే నియమమే కాదన్నట్టు గదా సారూ!"

"బరువెక్కువైతే కొట్టెయ్యాలెనని ఉన్నది. తక్కువైతే కొట్టెయ్యాలెనని లేదు. మీ నియమాలు పన్నెండు గిదే డబ్బాతోని తూచిన ప్రణయ్. అప్పుడు డబ్బా మంచిదే అన్నవ్."

దీన్ని కొట్టేసే నియమం లేదు. దీనికి ఎదురు రాసే హక్కు ఈ ఏడాది ఎవరి దగ్గరా మిగల్లేదు. మిగిలిన దారి ఒకటే: ఏడు సంతకాలతో ఆటనే మార్చుకోవడం.

ఏడో లెవెల్ తడిగుడ్డ: 33.0.

మే 23, శుక్రవారం

ఉదయం 9:30కి ప్రణయ్ ఏడో లెవెల్‌కు దిగాడు. ఈ పన్నెండు వేసవుల్లో మొదటి లెవెల్ ఆటగాడు ఇక్కడికి దిగడం నా ప్రతుల్లో ఎక్కడా లేదు. ఆరు వందల మెట్ల దగ్గర చొక్కా విప్పి భుజాన వేసుకున్నాడు. గాలితలుపు దాటాక కాసేపు గోడ పట్టుకొని నిలబడ్డాడు. అప్పుడు గాలి వంతు కాదు. తలుపు మూసి ఉంది.

పోశం మంచంలోంచి చూశాడు. "ఎవలీ పిలగాడు?"

"వజ్రకాయుడు," అంది కనకవ్వ.

"గిట్లున్నడేంది?"

ప్రణయ్ జేబులోంచి కాగితం తీశాడు. చివరికి నిలబడ్డ పాత్రలన్నిటికీ గాలి సమానం. పడ్డ పాత్ర లెవెల్‌కు తలుపు మూయరాదు. మూసినది తెరవాలి. కింద రెండు, మూడు, నాలుగు, ఐదు లెవెల్స్ సంతకాలున్నాయి. నిన్న ఒక్కరోజులో చేశారు.

కనకవ్వ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చదివింది. "తలుపు మాట ఒక్కటే కొత్తది. తతిమ్మాదంత నేను నాలుగేండ్ల సంది పంపేదే. అచ్చరం మార్చలే."

"మంచిగనే రాసినవ్ అవ్వా. మార్చుడెందుకని."

ఆమె సంతకం చేసింది. సరూప ఆరో లెవెల్ గడిలో సంతకం చేసింది. కాగితం మీద ఒక గడి మిగిలింది.

"నీదేది తమ్మీ?"

"మా లెవెల్ మీటింగు రేపు పొద్దుగాల నాలుగున్నరకు. అందరు చెయ్యెత్తితేనే నేను చేస్త. కొందరు అంటున్నరు, ఆరు పోగులల్ల ఎల్లి మనకే ఎందుకస్తది, ఆడుదాం పా అని."

"ఎత్తకపోతే?"

ప్రణయ్ ముఖం తుడుచుకున్నాడు. "ఎల్లి కాగితం ఒకసారి సూపెట్టు. దివిటీ ఎప్పుడు ఆర్పాలె, ఎప్పుడు ఎలిగియ్యాలె, చెప్పు. నాకస్తే ఎట్ల ఆడాలెనో నాకు తెల్వదు."

కనకవ్వ మంచం పక్కన చోటు చేసింది. 9:45 నుంచి 11:20 వరకు ఇద్దరూ ఒక్క ప్రాణంతో కొండ ముందు ఎలా నిలబడాలో పాచికలు వేసి చూశారు. ఎల్లి పద్నాలుగుసార్లు చచ్చిపోయింది. పదిహేనోసారి కనుమ దాటింది. అప్పుడు కూడా ఆమెను పక్క పాత్ర ఒకసారి లేపాల్సి వచ్చింది.

11:20కి గాలి వంతు వచ్చింది. తలుపు తెరిచారు. నాలుగు వందల మంది మాటలాపి ఆ వైపు తిరిగారు. ప్రణయ్ కూడా తిరిగాడు. ఏడు నిమిషాల తర్వాత తలుపు మూశారు.

"గింతేనా?" అన్నాడు.

"గింకా ఆరుసార్లు అస్తది," అన్నాడు పోశం. "కూసో."

ప్రణయ్ ఒంటిగంటకు పైకి వెళ్లాడు. ఏడో లెవెల్ తడిగుడ్డ, మధ్యాహ్నం 3 గంటలకు: 33.6. రాత్రికి పోశాన్ని మోయడానికి నలుగురు సిద్ధంగా ఉన్నారు. ఎక్కడికి మోయాలో ఇంకా తేలలేదు.

మే 24, శనివారం కార్యక్రమం:

తెల్లవారుజామున 4:30కి మొదటి లెవెల్ సమావేశం. 4:45కి రాజేశం సారు ఏడో సంతకం ఉందో లేదో చూస్తారు. ఉంటే 5 గంటలకు ఆరో లెవెల్ తలుపు సీలు తీస్తారు. లేకపోతే 5 గంటలకు ఆరు కాగితాలు బల్ల మీద బోర్లిస్తారు, సరూప గోడవైపు తిరిగి నిలబడుతుంది.